తోంచో నవ్వు

తోంచోకి ఇరవై ఏడేళ్ళ నుంచీ ఎనిమిదేళ్ళే. వాడి గొంతుకు మాత్రం మొన్న ఫిబ్రవరితో అరవై ఏడు నిండాయి.

ఆ గొంతుగల మనిషి ఎర్లిందా, మంగళవారం పొద్దున మైకు ముందు మేజోళ్ళతో నిలబడి ఉంది. బూట్లు చప్పుడు చేస్తాయని తలుపు బయటే విప్పేసింది. గడియారం, గాజులు, చెవిపోగులు తీసి ప్లాస్టిక్ డబ్బాలో పడేసింది. పొట్టకి ఒక చిన్న దిండు అదుముకుంది. పదకొండయ్యేసరికి ఆవిడ కడుపు సొంతంగా డైలాగులు మొదలుపెడుతుంది, ఆ మైకేమో దోమ రెక్కాడించినా పట్టేస్తుంది మరి.

అద్దానికి ఇవతల కాగితాల బొత్తి ముందేసుకుని నొయెమీ కూర్చుంది. ఈ బొమ్మల సీరియల్‌కి డబ్బింగ్ దర్శకురాలు ఆమే, అందులో తోంచో వాళ్ళమ్మ గొంతూ ఆమెదే. స్టూడియోలో ఆమెని రోజుకి యాభైసార్లు ‘మామా’, అంటే అమ్మా, అని పిలిచే ఎర్లిందా, సాయంత్రం ఇంటికెళ్ళాక ‘ఏయ్ పిల్లా’ అంటుంది. నొయెమీకి అరవై ఒకటి. కాపురం పెట్టి ముప్పై నాలుగేళ్ళు, మెక్సికో నగరంలో చట్టం ఒప్పుకున్న మొదటి నెలలోనే పరిగెత్తుకెళ్ళి సంతకాలు పెట్టి పదిహేనేళ్ళు. రెండు పెళ్ళిరోజులు ఎందుకర్రా అని ఎవరైనా అడిగితే, ఒకటి మేం తినడానికి, ఒకటి మీకు పెట్టడానికి అంటుంది ఎర్లిందా.

తెరమీద తోంచో పక్కింటి కుక్కకి మసిబొగ్గుతో మీసాలు గీసి, తల్లికి దొరికిపోయి, భయపడాల్సింది పోయి పగలబడి నవ్వాలి. ఎర్రదీపం వెలిగింది. ఎర్లిందా భుజాలు పైకి లాగి, మెడ పొట్టిగా చేసి, ఒక్క క్షణంలో ఎనిమిదేళ్ళ వెధవాయి అయిపోయింది. “నేను కాదు మామా! కుక్కే పెంచుకుంది!” అని నవ్వు అందుకుంది. మొదటి ఊపిరి బాగుంది. రెండోదీ బాగుంది. మూడోదానికి నవ్వు అడుగున సన్నటి గరగర వచ్చింది, ఎండిన మొక్కజొన్న పొత్తు వలిచినట్టు.

నొయెమీ మీట నొక్కి, “అద్భుతం లిందా! ఇదే ఉంచేద్దాం,” అంది. అంటూనే బల్ల కింద రెండు వేళ్ళతో నికనోర్ చొక్కా చేతిని తాకింది.

నికనోర్ సౌండ్ ఇంజనీరు. పంతొమ్మిదేళ్ళుగా అదే కుర్చీలో కూర్చుని ఆ కుర్చీ ఆకారంలోకి వచ్చేశాడు. రెండు వేళ్ళంటే ఏమిటో అతనికి తెలుసు: పాత నవ్వు అతికించు అని. అతని దగ్గర తోంచో పాత నవ్వులు పద్నాలుగున్నాయి. రెండేళ్ళుగా ఎర్లిందా నవ్విన చోటల్లా ఒకప్పటి ఎర్లిందా నవ్వుతోంది. ఈ సంగతి ఇద్దరికే తెలుసు. నికనోర్ తల ఊపలేదు, చూయింగ్ గమ్ నమలడం మాత్రం ఒకసారి ఆపాడు. అతను ఒప్పుకోనప్పుడు అలాగే చేస్తాడు.

ఉత్తరం పన్నెండింటికి వచ్చింది. సీరియల్ తీసే విదేశీ కంపెనీ పంపింది. వచ్చే సోమవారం నుంచి కొత్త సీజన్. పెద్దవాళ్ళ పాత్రలకి పాత గొంతులే ఉంటాయి. పిల్లల పాత్రలకీ, కొత్త పాత్రలకీ గొంతు పరీక్ష పెట్టాలి. పేర్లుండవు, నంబర్లే. దర్శకురాలు విని మార్కులు వేయాలి, ఆమె మాటే ఆఖరు మాట. కొత్తగా తోంచోకి ఒక నాయనమ్మ వస్తోంది, పేరు రమోనా, కోడలంటే పడదు. ఇట్లు, అభినందనలతో.

నొయెమీ రెండుసార్లు చదివింది. తల్లి ఉండొచ్చట, కొడుకే పరీక్ష రాయాలట! వాడికి ఇరవై ఏడేళ్ళు ప్రాణం పోసిన మనిషి ఒక నంబరు తగిలించుకుని వరసలో నిలబడాలి. పైగా ఆ మనిషిని తూచాల్సింది ఎవరు? తనే. మార్కులేస్తే పెళ్ళానికి వేసుకుందంటారు. వేయకపోతే ఎర్లిందా బతుకులోంచి తోంచోని తన చేతుల్తో తీసేసినట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ రాసినవాడి అభినందనలు తగలెయ్య!

“అంత కోపంగా చూడకండి మేడమ్, తెర పగులుతుంది,” అన్నాడు నికనోర్.

“ఆవిడకి ఎలా చెప్పను?”

“మీరు చెప్పేదేముంది? పక్క స్టూడియోకి ఇదే ఉత్తరం నిన్న వచ్చింది. డబ్బింగ్ వాళ్ళ నోట్లో ఏదైనా దాగుతుందా? ఆవిడకి నిన్న రాత్రే తెలిసుంటుంది.”

తెలుసు. మధ్యాహ్నం వీధి చివరి పూటకూళ్ళ దుకాణంలో బఠాణీల సూపు చల్లార్చుకుంటూ ఎర్లిందా తనే మొదలెట్టింది.

“గురువారం పరీక్షట కదా. పేరు ఇచ్చేశాను.”

“లిందా, నేను వాళ్ళకి ఫోన్ చేసి…”

“ఏం చేస్తావ్? మా ఆవిడకి పరీక్ష పెట్టకండి, పెద్దది అని చెప్తావా? ఎంత పరువు! సూపు తాగు.”

*

బుధవారం స్టూడియో లేదు. పోర్తాలెస్ బజారుకి ఇద్దరూ చెరో సంచీ పట్టుకుని వెళ్ళారు. పళ్ళకొట్టు ఫిదెన్సియో దూరం నుంచే చూసి మొహం చాటంత చేసుకున్నాడు. ఎర్లిందా ప్రతి బుధవారం అతని కొట్టు ముందు తోంచో గొంతుతో బేరమాడుతుంది. ‘అంకుల్, ఆ బొప్పాయి మీ మొహంలాగే పండిపోయింది, సగం ధరకి ఇచ్చేయండి’ అంటే చుట్టుపక్కల పిల్లలంతా మూగుతారు, కొట్టు కళకళలాడుతుంది, సంచీలో ఊరికే రెండు మామిడిపళ్ళు పడతాయి.

ఆ రోజు ఎర్లిందా తన మామూలు గొంతుతోనే, “ఒక బొప్పాయి, అరకిలో జామ,” అంది.

ఫిదెన్సియో ఆమె వెనక ఎవరైనా ఉన్నారేమోనని వంగి చూశాడు. “ఏమమ్మా, తోంచో రాలేదా ఇవాళ?”

“వాడికి పరీక్షలు.”

అతను పెద్దగా నవ్వాడు. నొయెమీకి నవ్వు రాలేదు. అటు తిరిగి అక్కర్లేని ఉల్లికాడలు రెండు కట్టలు కొనేసింది.

ఇంటికొచ్చాక ఎర్లిందా సంచీ బల్లమీద పెట్టి, వంటింటి గోడమీది గ్వాదలూపే అమ్మవారి పటం ముందుకి నొయెమీని చెయ్యి పట్టి లాక్కెళ్ళింది.

“ఒట్టెయ్.”

“దేనికి?”

“శుక్రవారం నువ్వు వింటావు కదా. ఇది లిందా గొంతు అని గుర్తుపట్టి ఒక్క మార్కు ఎక్కువేశావో, ఈ ఇంట్లోంచి నిన్ను గెంటేస్తా. పక్కమీద సగం కుక్కకిస్తా.”

“మనకి కుక్క లేదు.”

“తెస్తా. ఒట్టెయ్యి ముందు.”

నొయెమీ ఒట్టేసింది. అమ్మవారు అంతా చూస్తూనే ఉంది గానీ ఏమీ అనలేదు. మనసులో మాత్రం అప్పుడే లెక్క తప్పింది నొయెమీకి. ముప్పై నాలుగేళ్ళు పక్కన పడుకున్న మనిషి గొంతు చెవిన పడితే గుర్తుపట్టకుండా ఉండటం ఎవరి వల్లవుతుంది? గుర్తుపట్టాక చెయ్యి ఎటు పోతుందో చేతికే తెలియాలి.

సాయంత్రం ఎర్లిందా బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. కుళాయి తిప్పింది. నీళ్ళ చప్పుడు అరగంట. ఊళ్ళో నీళ్ళకి కటకటగా ఉంటే ఈవిడ సాధన కోసం బకెట్లు బకెట్లు పారబోస్తోంది. నొయెమీ చప్పుడు కాకుండా నడిచొచ్చి తలుపుకి చెవి ఆనించింది. నీళ్ళు, నీళ్ళు, మధ్యలో ఏదో సణుగుడు. ఇంకాస్త ఆనించింది. తలుపు చటుక్కున తెరుచుకుంది. నొయెమీ ముందుకి తూలి, తువ్వాళ్ళ కర్ర పట్టుకుని నిలదొక్కుకుంది.

“ఏం విన్నావ్?” నడుం మీద చెయ్యేసుకుని ఎర్లిందా.

“నీళ్ళు.”

“ఎలా ఉన్నాయి, బాగా నటించాయా?”

బకెట్లన్నీ నిండి ఉన్నాయి, తొట్టె నిండి ఉంది, చివరికి వంటింటి గిన్నెలు కూడా తెచ్చి నింపి వరసగా పెట్టింది ఎర్లిందా. పారబోయలేదన్నమాట. నొయెమీ తేలు కుట్టిన దొంగలా వంటింట్లోకి వెళ్ళిపోయి ఉల్లికాడలు తరగడం మొదలెట్టింది. ఆ రాత్రి రెండు కట్టల ఉల్లికాడల కూర తిన్నారు.

గురువారం ఎర్లిందా ఒక్కతే వెళ్ళింది. పరీక్ష పై అంతస్తులో, వేరే ఇంజనీరు దగ్గర. రెండు గంటల తర్వాత తిరిగొచ్చింది, చేతిలో తీపి రొట్టెల పొట్లం, పెదవి మీద చక్కెర.

“ఎలా చేశావ్?”

“రేపు నీ చెవులకే తెలుస్తుందిగా.”

“భయం వేసిందా?”

ఎర్లిందా పొట్లం విప్పింది. “వేసింది. మొదటిసారి మైకు ముందు నిలబడ్డప్పుడు వేసినట్టే. కాళ్ళు వణికాయే పిల్లా, నమ్ము.” అని రొట్టె సగం విరిచి నొయెమీ నోట్లో పెట్టింది.

నొయెమీకి కళ్ళు చెమర్చాయి. ఈ వయసులో, ఇంత పేరు తెచ్చుకున్నాక, ఈ మనిషి కాళ్ళు వణికించారు వాళ్ళు! శుక్రవారం ఏం చేయాలో ఆ రొట్టె నములుతూనే తేల్చేసుకుంది. అమ్మవారికి తర్వాత కొవ్వొత్తి వెలిగించుకోవచ్చు.

*

శుక్రవారం తోంచో కోసం పదకొండు గొంతులున్నాయి. నికనోర్ ఒక్కో నంబరూ చదివి మీట నొక్కుతున్నాడు. అందరికీ ఒకే సన్నివేశం: కుక్క, మీసాలు, నవ్వు.

ఒకటో నంబరు ముక్కుతో మాట్లాడింది. రెండోది పిల్లాడిలా కాదు, పిల్లిలా ఉంది. మూడు పర్వాలేదు. నాలుగు నవ్వబోయి దగ్గింది. ప్రతిదానికీ నొయెమీ గుండె ఒకసారి ఆగి, ఇది కాదులే అనుకుని మళ్ళీ కొట్టుకుంటోంది. అయిదు కూడా కాదు.

ఆరు.

“నేను కాదు మామా! కుక్కే పెంచుకుంది!”

నొయెమీ పెన్సిలు కింద పెట్టేసింది. అదే మెడ విరుపు, ‘కుక్కే’ దగ్గర అదే ఒత్తు. ఇక నవ్వు! ఒకటో ఊపిరి, రెండోది, మూడోది, నాలుగోది. ఎక్కడా గరగర లేదు. బాత్రూంలో అరగంట కూర్చుని ఈ ముసల్ది గొంతు కడుక్కుని వచ్చిందిరా దేవుడా! నొయెమీకి ఆనందంతో చెమటలు పట్టాయి.

“ఇంకోసారి వెయ్యి.”

నికనోర్ వేశాడు. ఆమె కళ్ళు తుడుచుకుని పదికి పది వేసింది. ఒట్టు తప్పానా? తప్పలేదు. ఇది పెళ్ళానికి వేసిన మార్కు కాదు, గొంతుకు వేసిన మార్కు. ఎవరు విన్నా ఇంతే వేస్తారు. అలా తనకి తనే చెప్పుకుని తేలికపడి, మిగిలిన అయిదుగురినీ దయగా వింది, అందరికీ ఒక్కో మార్కు ఎక్కువే వేసింది.

“ఇక నాయనమ్మలు. అయిదుగురు,” అన్నాడు నికనోర్. చూయింగ్ గమ్ ఆపాడు. నొయెమీ గమనించలేదు.

మొదటి ఇద్దరూ మామూలు ముసలమ్మలు, వణుకుతూ మూలుగుతూ, ముసలితనమంటే జబ్బే అన్నట్టు చేశారు. మూడో నంబరు వణకలేదు. బొంగురు గొంతు, అడుగున సన్నటి గరగర, ఏ తొందరా లేదు. “కోడలా, ఈ సూపులో ఉప్పు వేశావా, లేక ఉప్పు గురించి ఆలోచించి ఊరుకున్నావా?” అంది. తర్వాత చిన్న నవ్వు. కావాలని పెట్టుకున్నది కాదు, దానంతటది వచ్చింది. చూడాల్సినవన్నీ చూసేసి ఇంకా సరదా తీరని మనిషి నవ్వు.

నొయెమీ కుర్చీలో ముందుకి జరిగింది. “ఎవరీవిడ?”

“పేర్లు లేవు మేడమ్.”

“మన ఊళ్ళో ఉన్న పెద్దవాళ్ళందరూ నాకు తెలుసు. ఈ గొంతు ఎప్పుడూ వినలేదు. నాటకాల మనిషా? ఇంకోసారి వెయ్యి.”

నాలుగుసార్లు వేయించుకుంది. మార్కులకి ఒకసారి చాలు. మిగతా మూడూ ఊరికే, వినాలనిపించి. ఆ గొంతు పక్కన కూర్చుని కాఫీ తాగుతూ ఊరి సంగతులు చెప్పించుకోవాలనిపించింది. ఇంట్లో ఒకావిడ ఉండగా ఏమిటే ఈ ముచ్చట అని తనని తనే కసురుకుని, పదికి పది వేసి, పక్కన ‘ఈవిడని వదలొద్దు’ అని రాసి రెండు గీతలు గీసింది.

“పనయ్యాక ఈవిడని కాఫీకి పిలుద్దాం నికనోర్. లిందాకి కూడా నచ్చుతుంది.”

“నచ్చుతుంది మేడమ్,” అని నికనోర్ అటు తిరిగి దగ్గాడు.

మార్కుల కాగితం కంపెనీకి వెళ్ళింది. నాలుగింటికి పేర్లు తిరిగొచ్చాయి. నొయెమీ కళ్ళజోడు సవరించుకుని చదివింది.

తోంచో: ఆరో నంబరు, యరేలి ఒల్గీన్, వయసు ఇరవై అయిదు.

నాయనమ్మ రమోనా: మూడో నంబరు, ఎర్లిందా బస్తీదా.

మళ్ళీ చదివింది. కళ్ళజోడు తీసి చొక్కాకి తుడిచి మళ్ళీ చదివింది. గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టు నికనోర్ వైపు తిరిగింది.

“నీకు తెలుసా?”

“నంబర్లు తగిలించింది నేనే కదా మేడమ్. మీరు చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతుకుతుంటే, నవ్వాపుకోలేక చచ్చాను.”

“తోంచో పదకొండులో ఆవిడ ఏ నంబరు?”

“ఏ నంబరూ కాదు. దానికి ఆవిడ పేరే ఇవ్వలేదు.”

*

నొయెమీ ఇంటికొచ్చేసరికి ఎర్లిందా వంటింట్లో గుమ్మడిపూలు తుంచుతోంది. పెనం మీద మొక్కజొన్న రొట్టె పొంగుతోంది. నొయెమీ సంచీ కుర్చీలో పడేసి నిలబడింది. దారి పొడుగునా మెట్రోలో తయారు చేసుకున్న తిట్లన్నీ గుమ్మంలోనే మరిచిపోయింది.

“ఎందుకే వదిలేశావు వాణ్ణి?” అంది. చేత్తో కళ్ళు తుడుచుకుంది.

ఎర్లిందా రొట్టె తిరగేసింది. “ఏడవకు, మాడుతుంది.”

“నేను నీకు పదికి పది వేశాను! ఎవరికో వేశాను! నువ్వనుకుని వేశాను!”

“అయితే ఒట్టు తప్పావన్నమాట.”

నొయెమీ కుర్చీలోంచి సంచీ తీసి కూర్చుంది.

ఎర్లిందా పొయ్యి తగ్గించి, తడిచేతులు తుడుచుకుని, ఎదురుగా కూర్చుంది. “పన్నెండేళ్ళ క్రితం నా ముందు పన్ను విరిగింది, గుర్తుందా? వేరుశెనగ మిఠాయి కొరికితే. కొత్త పన్ను కట్టించేదాకా మూడు నెలలు నేను నవ్వితే సన్నగా ఈల వచ్చేది.”

“గుర్తుంది. అయితే?”

“పోయినేడాది కళ్ళ డాక్టరు దగ్గర కూర్చున్నాను. టీవీలో తోంచో వస్తున్నాడు, కొత్త ఎపిసోడు. నవ్వాడు. ఈల వినిపించింది.” ఎర్లిందా వేలితో తన ముందు పన్ను మీద టకటకా కొట్టింది. “పన్నేమో ఇక్కడ నిక్షేపంగా ఉంది.”

నొయెమీ మొహం పాలిపోయింది. బల్లమీది గుమ్మడిపువ్వు ఒకటి తీసుకుని, అక్కర్లేకపోయినా రేకలు తుంచసాగింది.

“ఆ తర్వాత వెనకటి ఎపిసోడ్లన్నీ వెతికి విన్నాను. రెండేళ్ళే పిల్లా,” అంది ఎర్లిందా. గొంతు పెంచలేదు, అదే భయంగా ఉంది నొయెమీకి. “రెండేళ్ళు నా ఎదురుగా ‘అద్భుతం’ అని, నా వెనక నా పాత నవ్వు నా నోట్లో కుక్కావు. నాకు కోపం వచ్చిందా? వచ్చింది. ఆ రోజు నీ చారులో ఉప్పు కూడా వేయలేదు.”

“నీకు నొప్పి కలుగుతుందని…”

“కలిగింది. బాగా కలిగింది. నువ్వు చెప్పి ఉంటే సగం కలిగేది.”

పెనం మీద రొట్టె మాడు వాసన వచ్చింది. ఇద్దరూ లేవలేదు. చివరికి నొయెమీ, “తప్పు చేశాను,” అంది. “నువ్వు లేని తోంచోని నేను ఊహించుకోలేకపోయాను లిందా. భయపడ్డాను. నీకోసం కూడా కాదేమో, నాకోసమే.”

“తెలుసు. అందుకే గెంటలేదు.” ఎర్లిందా లేచి మాడిన రొట్టె తీసి చెత్తబుట్టలో పడేసింది. “నాయనమ్మ పాత్ర ఒకటి వస్తోందని ముందే చెవిన పడింది. అనుకున్నాను, యాభై ఏళ్ళుగా ఈ మైకుల ముందు పిల్లాడిలా మాట్లాడాను, చిలకలా మాట్లాడాను, ఒకసారి టమాటాలా కూడా మాట్లాడాను. నాలాగా ఎప్పుడూ మాట్లాడలేదు. బాత్రూంలో కూర్చుని అదే వెతుక్కున్నాను. ఎంత కష్టమో! నీళ్ళ చప్పుడు లేకపోతే సిగ్గుతో చచ్చేదాన్ని.”

“నేను గుర్తుపట్టలేదు,” అంది నొయెమీ. ఆ మాట అనడమే కష్టమైంది ఆమెకి. “ముప్పై నాలుగేళ్ళు. నీ గొంతే గుర్తుపట్టలేదు.”

“ఇంట్లో నా గొంతు నువ్వెప్పుడు విన్నావు గనక? నేను మాట్లాడుతుంటే నువ్వు మాట్లాడుతూనే ఉంటావాయె.” ఎర్లిందా కళ్ళు చికిలించింది. “మూడో నంబరుకి ఎంత వేశావ్?”

“పది.”

“అబద్ధం.”

“పది. పక్కన రాశాను కూడా.”

“ఏం రాశావ్?”

నొయెమీ చెవులు ఎర్రబడ్డాయి. ఎర్లిందా వదలలేదు. గుమ్మడిపూలు పక్కకి నెట్టి, మొహం దగ్గరికి తెచ్చి, చెప్పు చెప్పు అని సతాయించింది. కాఫీకి పిలుద్దామనుకున్నానని నొయెమీ ఒప్పుకునేసరికి ఎర్లిందా కుర్చీలో వెనక్కి పడి నవ్వింది. “దొంగమొహమా! ఎవరో ముసల్దాన్ని కాఫీకి పిలుస్తావా! పెళ్ళాం ఇంట్లో పూలు తుంచుతుంటే!” ఆ నవ్వులో మూడో ఊపిరికి గరగర వచ్చింది, నాలుగోదానికి ఇంకా ఎక్కువ వచ్చింది, ఆవిడ ఆపలేదు.

నొయెమీ మొదట సిగ్గుపడి, తర్వాత తనూ నవ్వేసింది. నవ్వుతూ కాస్త ఏడ్చింది కూడా.

తిన్నాక ఎర్లిందా, “ఆరో నంబరు వినిపించు,” అంది. ఫోన్లో ఉంది. మెట్రో స్టేషను దగ్గర ఫోన్ కవర్లు అమ్మే అమ్మాయట, చిన్నప్పటి నుంచి తోంచో చూసి పెరిగిందట, నికనోర్ చెప్పాడు. ఎర్లిందా కళ్ళు మూసుకుని మొదటినుంచి చివరిదాకా వింది. ఆవిడ గెడ్డం ఒకసారి వణికింది. నొయెమీ చెయ్యి చాచింది గానీ ఎర్లిందా తల అడ్డంగా ఊపింది, రెండోసారి వింది.

“ఇది నాలా లేదే,” అంది.

“అచ్చం నువ్వే!”

“కాదు. ‘మామా’ అనేటప్పుడు దీనికి నిజంగా తిడతారేమోనన్న భయం ఉంది. నాకు ఎప్పుడూ లేదు, అవతల ఉన్నది నువ్వు గనక. నువ్వు నన్ను వినాలనుకున్నావు, విన్నావు.” ఫోను బల్లమీద బోర్లించింది. “బాగా చేస్తుంది. దీనికి దిండు సంగతి చెప్పాలి, పదకొండింటికి ఆకలేస్తుంది పాపం.”

*

సోమవారం మైకు ముందు ముగ్గురూ ఒకే వరసలో నిలబడ్డారు. మామూలుగా ఒక్కొక్కరినీ విడివిడిగా రికార్డు చేస్తారు, కానీ మొదటి సన్నివేశం కలిపి చేద్దామని ఎర్లిందా పట్టుబట్టింది. యరేలి పొట్టి పిల్ల, జుట్టు ముడేసుకుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకుంది. ఎర్లిందాని చూసి నమస్కారం పెట్టబోయి, కౌగిలించుకోబోయి, రెండూ మానేసి, “దోన్యా ఎర్లిందా, నేను మీ…” అని గౌరవంగా మొదలుపెట్టి ఆగిపోయింది.

“ముందు బూట్లు విప్పు తల్లీ. గోడు తర్వాత చెప్పుకుందాం,” అంది ఎర్లిందా.

“మీరు వింటుంటే నాకు నోరు రాదండీ.”

“నేను వినను. నాకు అవతల కోడలితో గొడవుంది.”

యరేలి నవ్వింది. భుజాలు దిగాయి. మొదటి మాటే పొరపాటు లేకుండా చెప్పింది. రెండోది ఇంకా బాగా చెప్పింది. ‘మామా!’ అన్నప్పుడు నొయెమీకి గుండెల్లో ఎక్కడో కలుక్కుమంది. అయినా తల్లి జవాబు సమయానికి ఇచ్చింది, ఇరవై ఏడేళ్ళ అలవాటు. ఎర్లిందా ఆ పిల్ల వైపు చూడలేదు. కానీ ఆవిడ పెదవులు చప్పుడు లేకుండా తోంచో మాటలు పలకడం నొయెమీ చూసింది. ఒక వాక్యం, రెండు వాక్యాలు. మూడోదానికి ఎర్లిందా తనే గమనించుకుని పెదవులు మూసేసింది.

తెరమీద తలుపు తెరుచుకుంది. నాయనమ్మ రమోనా సామాన్లతో లోపలికొచ్చింది. ఎర్లిందా మెడ పొట్టిగా చేయలేదు, భుజాలు లాగలేదు. ఉన్నట్టే నిలబడింది. పొద్దున కాఫీ దగ్గర నిలబడినట్టు, బస్సు కోసం నిలబడినట్టు.

“ఏమ్మా కోడలా,” అంది, తన సొంత గొంతుతో. “చిక్కిపోయావు. నాకోసం బెంగపెట్టుకున్నావా, లేక నేను వస్తున్నానని బెంగపెట్టుకున్నావా?”

తెరమీద కోడలి నోరు కదిలింది, ఆడింది, మూసుకుంది. యరేలి పక్కకి చూసింది. అద్దం అవతల నికనోర్ చెయ్యెత్తి బొమ్మ ఆపాడు.

“మేడమ్,” అన్నాడు స్పీకర్లోంచి, “అది మీ డైలాగు.”

ముప్పై ఏళ్ళలో పెదవి కదలికకి పావు క్షణం కూడా వెనకబడని మనిషి చేతిలో కాగితం పట్టుకుని అలాగే నిలబడి ఉంది.

“తెలుసు,” అంది నొయెమీ. “వింటున్నాను. ఆవిడని ఇంకోసారి చెప్పమను.”